పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే ముందు

విండోస్ 11 నచ్చక మళ్లీ 10కి వెళ్లిపోదామనుకుంటున్నారా? ముందు సెట్టింగ్స్‌లో మీది ఏ ఎడిషనో (హోమా, ప్రోనా) చూడండి. కంప్యూటర్‌తో పాటే వచ్చిన ప్రో అయితే పాత ప్రో వాడుకునే హక్కు లైసెన్స్‌లోనే ఉంటుంది. హోమ్‌కి ఆ హక్కు లేదు. అప్‌గ్రేడ్ చేసి 10 రోజులు దాటకపోతే ఈ గొడవే లేదు, సెట్టింగ్స్‌లోని రికవరీలో 'గో బ్యాక్' నొక్కి చూడండి.

అసలు టెన్షన్ సపోర్ట్‌తోనే. విండోస్ 10కి మామూలు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లకు విండోస్ 10 డ్రైవర్లు (వైఫై లాంటి భాగాలను నడిపించే సాఫ్ట్‌వేర్) దొరక్కపోవచ్చు. మీ మోడల్‌కి ఉన్నాయో లేదో కంపెనీ సైట్‌లో చూసి, వైఫై డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. డ్రైవర్ లేక నెట్ రాదు, నెట్ లేక డ్రైవర్ రాదు. ఒకసారి నేను పూటంతా తల పట్టుకుని కూర్చున్నది అక్కడే.