స్నోమొబైల్ బరువు, బ్యాలెన్స్ సరిగ్గా పోల్చడం ఎలా?

స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీల (జారుడు పలకల) మీద, వెనక ట్రాక్ (తిరిగే రబ్బరు పట్టా) మీద మంచులో నడిచే బండి. అమెరికాలోని మినెసోటాలో చలి మొదలయ్యేసరికి మా తెలుగువాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. “అన్నా, రెండు బండ్లు చూసి పెట్టుకున్నా. ఒకటి ఆరు కిలోలు తక్కువుంది. అదే తీసుకోనా?” ఆ ఆరు కిలోలు ఎక్కడివని అడిగితే బ్రోషర్‌లోవి అంటారు. కొందరు షోరూంలో వెనక బంపర్ పట్టుకుని ఎత్తి చూసి, “ఇది తేలికగా ఉంది” అని తేల్చేస్తారు. ఈ రెండు పద్ధతులూ తప్పే. అలా కొన్న బండి మలుపులో స్కీలు పట్టక నేరుగా జారిపోతుంటే, నాలుగు నెలల సీజన్‌లో సగం సస్పెన్షన్ సర్దడానికే పోతుంది.

బండి ఎన్ని కిలోలన్నది సగం ప్రశ్నే. మీరు ఎక్కి కూర్చున్నాక ఆ కిలోలు ఎక్కడ పడుతున్నాయన్నది మిగతా సగం. రెండోదాన్ని ఇంట్లోనే, గ్యారేజీలోనే కొలవవచ్చు.

ముందు బ్రోషర్ అంకెను పక్కన పెట్టండి

కంపెనీలు ఇచ్చేది డ్రై వెయిట్. అందులో పెట్రోలు ఉండదు. పెట్రోలు లీటరు దాదాపు 0.74 కిలోలు తూగుతుంది. 40 లీటర్ల ట్యాంకు నింపితే 30 కిలోలు అక్కడే పెరిగాయి. ఆపైన టూ-స్ట్రోక్ ఆయిల్, కూలెంట్ ఉంటాయి. ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ, స్టార్టర్ మోటారు కూడా చేరతాయి. స్కీ-డూ కంపెనీ వాళ్ల షాట్ స్టార్టర్ బ్యాటరీ బదులు కెపాసిటర్‌తో పనిచేస్తుంది కాబట్టి అక్కడ కొంత తగ్గుతుంది. ఒకే మోడల్‌లో ట్రాక్ పొడవు మారినా బరువు మారుతుంది. అందుకే 137 అంగుళాల ట్రాక్ బండిని 165 అంగుళాల కొండబండితో పోల్చి ఇది తేలిక, అది బరువు అనడంలో అర్థం లేదు.

నా లెక్కలో ఎప్పుడూ సగం ట్యాంకే. ఖాళీ ట్యాంకుతో ఎవరూ నడపరు, నిండు ట్యాంకు మొదటి గంటలోనే తగ్గిపోతుంది. రెండు బండ్లలోనూ సగం ట్యాంకు ఉంచి తూచండి.

ఇంజిన్ రకాన్ని కూడా మర్చిపోవద్దు. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ బరువెక్కువ, ఆ బరువంతా ముందుభాగంలోనే ఉంటుంది. యమహా సైడ్‌వైండర్‌లో ఉన్న 998 సి.సి. టర్బో లాంటిది సూటిగా ఉన్న ట్రైల్ (మంచుదారి) మీద హాయిగా పోతుంది, మెత్తటి లోతైన మంచులో మాత్రం ముక్కు దించుతుంది. అది ఇంజిన్ లోపం కాదు, బరువు పడే చోటు అలాంటిది.

2003 మోడల్‌గా స్కీ-డూ రెవ్ వచ్చాక ఈ విషయం చాలామందికి అర్థమైంది. అంతకుముందు బండ్లలో నడిపేవాడు బాగా వెనక్కి, కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. రెవ్‌లో మనిషిని ముందుకు, బండి మధ్యభాగానికి దగ్గరగా తెచ్చారు. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఈరోజు బండ్లలో తేడా కిలోల్లో కంటే కూర్చునే చోటులో, మనిషి ఎంత ముందుకూ వెనక్కీ జరగగలడన్న దానిలో ఎక్కువ కనిపిస్తుంది.

కావలసినవి

ఒక్కొక్కటి 200 కిలోల వరకు తూచే డిజిటల్ కాటాలు నాలుగు. బండి ట్రాక్ నేలకు ఆనే పొడవంతా పట్టే గట్టి పలక ఒకటి, ట్రాక్ అంత వెడల్పుది. రెండు ఇనుప పైపు ముక్కలు, కొలత టేపు, ప్లాస్టిక్ షీట్లు, గ్రీజు. సమంగా ఉన్న కాంక్రీటు నేల. సాయానికి ఒక మనిషి.

నాలుగు కాటాలూ ఒకేలా చూపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి. జిమ్ ప్లేటు ఉంటే మంచిది. లేకపోతే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన, ఇంకా సీలు తీయని సోనా మసూరి బస్తాను నాలుగింటి మీదా పెట్టి చూడండి. ఒకే బస్తాకు రెండు కాటాలు రెండు అంకెలు చూపిస్తే ఆ తేడా రాసిపెట్టుకోండి.

బండిని సిద్ధం చేయడం

ముందురోజు రాత్రే బండిని వెచ్చటి గ్యారేజీలో పెట్టండి. టన్నెల్ (ట్రాక్ పైన ఉండే కప్పు) కింద, సస్పెన్షన్‌లో పేరుకున్న మంచు కరిగి కారిపోవాలి. బ్యాగులు, టూల్స్, అదనపు పెట్రోలు డబ్బా తీసేయండి. రెండు బండ్లలోనూ షాక్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత బిగించారన్నది), లిమిటర్ స్ట్రాప్ (వెనక సస్పెన్షన్ ముందుభాగం మరీ కిందికి దిగకుండా ఆపే పట్టీ) ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ఉండాలి. స్ట్రాప్ బిగిస్తే స్కీల మీద బరువు పెరుగుతుంది. పాత యజమాని దాన్ని మార్చి ఉంటే మీరు పోలుస్తున్నది అతని సర్దుబాటును, బండిని కాదు.

అసలు కష్టం: ట్రాక్ కింద కాటా

చాలామంది చేసేది ఇది. రెండు స్కీల కింద రెండు కాటాలు, ట్రాక్ మధ్యలో ఒక కాటా పెట్టి, మూడూ కూడి, “ముందు ఇంత శాతం, వెనక ఇంత శాతం” అని చెప్పేస్తారు. మొత్తం బరువు దాదాపు సరిగ్గానే వస్తుంది. శాతం మాత్రం తప్పుతుంది.

ఎందుకంటే ట్రాక్ ఒక చక్రం కాదు. అది మీటరుకు పైగా పొడవున నేలను తాకుతుంది. కాటాను ఇరవై సెంటీమీటర్లు ముందుకు జరిపితే అది బండి బరువు కేంద్రానికి (బరువంతా ఒకేచోట ఉన్నట్టు అనుకోదగ్గ బిందువుకు) దగ్గరవుతుంది, ట్రాక్ వైపు అంకె పెరిగి స్కీల అంకె తగ్గుతుంది. బండిలో ఏమీ మారలేదు, కాటా జరిగింది, అంతే. పైగా ట్రాక్‌ను ఒకేచోట ఎత్తిపట్టినప్పుడు వెనక సస్పెన్షన్ మంచుమీద ఉన్నట్టు కూర్చోదు, ఒకవైపుకు వంగుతుంది. ఇలా కొలిచిన ఇద్దరి అంకెలు ఎప్పటికీ కలవవు, వాళ్ల వాదన తెగదు. నేను మొదటి రెండేళ్లు ఇలాగే కొలిచాను. ఒకే బండికి రెండు ఆదివారాలు రెండు జవాబులు వచ్చాక మానేశాను.

సరైన పద్ధతి ఇది. ట్రాక్ నేలను తాకే పొడవంతా పలక మీద ఉండాలి. పలక ముందు చివర కింద ఒక పైపు, వెనక చివర కింద ఒక పైపు, ఒక్కో పైపు ఒక్కో కాటా మీద. ఇప్పుడు పలక మీద బరువు ఎంతో, ఆ బరువు ఎటు మొగ్గిందో రెండూ తెలుస్తాయి. పలక, పైపుల బరువు ముందే విడిగా తూచి తీసేయండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఒక్కటి తప్పినా మొత్తం మళ్లీ చేయాలి.

మొదటిది ఎత్తు. స్కీల అడుగు, పలక పైభాగం ఒకే ఎత్తులో ఉండాలి. కాటాలు సరిపోక ఒక్కొక్క చోటే ఎత్తి తూస్తారు కొందరు. ఎత్తిన వైపు నుంచి బరువు రెండోవైపుకు జరుగుతుంది. ఒకే కాటా ఉంటే మిగతా చోట్ల అదే మందం చెక్కదిమ్మలు పెట్టి తూచండి.

రెండోది స్కీ జారడం. సస్పెన్షన్ కిందికి కూర్చునేటప్పుడు స్కీలు కొంచెం బయటికి జరుగుతాయి. కాటా మీద అవి కదలకుండా పట్టేస్తే సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగదు. అందుకే స్కీ బోల్టుకు (స్కీని బండికి కలిపే బోల్టుకు) సరిగ్గా కింద ఒక సన్నటి చెక్క పెట్టి, దాని కింద రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య గ్రీజు రాయండి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. చేసి చూస్తే తేడా మీకే కనిపిస్తుంది.

మూడోది సస్పెన్షన్ పట్టు. షాకుల్లో, బుష్‌లలో రాపిడి ఉంటుంది. ముందు, వెనక గట్టిగా నొక్కి వదలండి, అంకె రాయండి. మళ్లీ నొక్కండి, మళ్లీ రాయండి. నేను ఐదుసార్లు చేసి సగటు తీస్తాను. ఒక్కసారి చూసి రాసుకున్న అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

ఆర్కిటిక్ క్యాట్ ఆల్ఫా వన్ లాంటి, ట్రాక్ లోపల రెండు బదులు ఒకే రైలు (ట్రాక్ జారే కడ్డీ) ఉన్న బండి అయితే ఇంకో మాట. దాని ట్రాక్ పక్కలకు వంగుతుంది, కాబట్టి రైలు పలక మధ్య గీత మీదే ఉండాలి. ఎక్కేటప్పుడు ఎవరైనా హ్యాండిల్ పట్టుకోవాలి. ఈ పని మొత్తంలో ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

మనిషి ఎక్కాక లెక్క

మనిషి లేకుండా తీసిన బ్యాలెన్స్ నాకు అక్కర్లేదు. హెల్మెట్, బూట్లు, జాకెట్‌తో 95 కిలోలున్న మనిషి, 235 కిలోల బండి కలిపితే 330. అందులో పావు వంతుకు పైగా మనిషే. అందుకే నడపబోయేవాళ్లే, పూర్తి గేర్‌తో ఎక్కాలి.

ఉదాహరణకు రెండు స్కీలు కలిపి 98 కిలోలు, పలక ముందు కాటా 142, వెనక కాటా 90 చూపించాయనుకుందాం. స్కీ బోల్టు నుంచి ముందు పైపు 110 సెంటీమీటర్లు, వెనక పైపు 230 సెంటీమీటర్లు. 142ను 110తో, 90ని 230తో గుణించి కూడితే 36,320. దాన్ని మొత్తం 330తో భాగిస్తే 110. బరువు కేంద్రం స్కీ బోల్టుకు 110 సెంటీమీటర్లు వెనక ఉందన్నమాట. పైపులు కాస్త అటూ ఇటూ జరిగినా ఈ అంకె పెద్దగా మారదు. అందుకే శాతాల కంటే దీన్నే నమ్ముతాను.

ఇప్పుడు అదే మనిషి నిలబడాలి, తర్వాత ముందుకు వంగాలి, తర్వాత వెనక్కి జరగాలి. ప్రతిసారీ కొలవండి. 95 కిలోల మనిషి 20 సెంటీమీటర్లు జరిగితే ఈ బండిలో కేంద్రం 6 సెంటీమీటర్లకు దగ్గరగా జరుగుతుంది. ఏ బండిలో మీకు జరిగే చోటు ఎక్కువుంటే ఆ బండి మీ మాట ఎక్కువ వింటుంది. రోజూ చెట్ల మధ్య, కొండవాలు మీద నడిపేవాళ్లు పది కిలోల తేడా కంటే దీన్ని ముందు చూడాలి. గ్రూమ్ చేసిన (యంత్రంతో చదును చేసిన) ట్రైళ్ల మీద రోజంతా పోయేవాళ్లకు స్కీల మీద తగినంత బరువు ఉండటం ముఖ్యం. మినెసోటాలో అలాంటి ట్రైళ్లు 22,000 మైళ్లకు పైగా ఉన్నాయి, ఇక్కడ చాలామందికి కావలసింది అదే.

కుడి, ఎడమ స్కీల మధ్య తేడా కనిపిస్తే బండిని అనుమానించే ముందు రెండువైపులా ప్రీలోడ్ సమంగా ఉందో చూడండి. హ్యాండిల్ నిటారుగా ఉందో కూడా చూడండి. నేను చూసిన తేడాల్లో ఎక్కువభాగం అక్కడే తీరిపోయాయి.

ఎత్తు విషయంలో, ముందుభాగాన్ని ఎత్తి బరువు కేంద్రం ఎంత పైనుందో లెక్కకట్టమని కొందరు చెబుతారు. సస్పెన్షన్ ఉన్న బండితో గ్యారేజీలో అది నమ్మదగ్గదిగా రాదు. దాని బదులు వేలాడే లగేజీ కాటాను హ్యాండిల్ చివరకు తగిలించి, బండిని ఒక స్కీ మీదకు వంచడానికి ఎంత బలం పడుతుందో చూడండి. స్కీల మధ్య వెడల్పు కూడా పక్కనే రాసుకోండి, ఎందుకంటే వెడల్పు ఎక్కువైతే బలం కూడా ఎక్కువ పడుతుంది.

అన్నీ ఒకే నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, ట్యాంకు మట్టం, ఎక్కింది ఎవరు, గేర్‌తో వాళ్ల బరువు, ప్రీలోడ్. రెండో బండిని కూడా అదే రోజు, అదే కాటాలతో, అదే మనిషితో కొలవండి.