శివారులో ఇల్లా, భువనగిరిలోనా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అద్దె భరించలేక ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఫ్లాట్ చూస్తున్నవాళ్లు ఒకసారి భువనగిరి వైపు కూడా చూడండి. దూరం దాదాపు 50 కిలోమీటర్లే, పైగా సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో ఉంది.

అయితే కిలోమీటర్లు లెక్కపెట్టకండి. సోమవారం పొద్దున ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఎంతసేపు పడుతుందో వెళ్లి చూడండి. ఆఫీసు సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉంటే భువనగిరి నిజంగా మంచిది. హైటెక్ సిటీలో అయితే రైలు దిగి మెట్రో ఎక్కాలి, అలసట ఎక్కువ. అప్పుడు పడమటి శివారే నయం.

అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి తిరుగు రైళ్ల వేళలు. వెళ్లేటప్పుడు అందరూ చూస్తారు, వచ్చేటప్పుడే టెన్షన్. నెలవారీ సీజన్ టికెట్ చవకే, కానీ సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే అదనపు రుసుము ఉంటుంది.

శివారు కాలనీలో మే నెలలో ట్యాంకర్‌కు ఎంత ఇస్తున్నారో వాచ్‌మన్‌ను అడగండి, బ్రోకర్‌ను కాదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే నడిచి వెళ్లే దూరంలో మార్కెట్, డాక్టర్ ఉండే భువనగిరి లాంటి పాత ఊరే వాళ్లకు సుఖం.