మట్టిలో సహజ రేడియోధార్మికత కొలిచే పద్ధతి

మట్టిలో ముఖ్యంగా చూసేవి మూడు: యురేనియం శ్రేణిలోని రేడియం-226, థోరియం-232, పొటాషియం-40. మొత్తం రేడియేషన్‌ను మాత్రమే లెక్కించే గైగర్ మీటరు వీటిని విడదీసి చెప్పలేదు. గామా కిరణాలను వాటి శక్తిని బట్టి విడదీసే అతిశుద్ధ జెర్మేనియం డిటెక్టరు, 10 సెం.మీ. మందం సీసపు కవచంలో ఉంచినది, కావాలి.

నమూనాకి దున్నని నేల ఎంచుకోండి. పొటాష్ వేసిన చోట పొటాషియం-40, ఫాస్ఫేట్ ఎరువు పడిన చోట యురేనియం ఎక్కువ కనిపిస్తాయి. భీమునిపట్నం తీరంలో థోరియం ఉండే మోనజైట్ ఖనిజం కలిసిన నల్ల ఇసుక చారలుగా ఉంటుంది, కొద్ది అడుగుల తేడాలోనే థోరియం లెక్క మారిపోతుంది. అందుకే చదరపు మీటరులో నాలుగు మూలలా, నడుమా 15 సెం.మీ. లోతు దాకా తవ్వి, అంతా కలిపి 2 కిలోలు తీసుకోండి.

రాళ్లు, వేర్లు ఏరేసి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఆరబెట్టండి. బరువు మారడం ఆగేదాకా ఆరాలి. తడి మిగిలితే దాని బరువూ మట్టి ఖాతాలోనే పడి ఫలితం తగ్గుతుంది. తర్వాత దంచి, 2 మి.మీ. జల్లెడ పట్టండి.

ఎక్కువ కొలతలు చెడేది మట్టి నింపే డబ్బా మూత దగ్గరే. రేడియంను మనం దాని సంతతి (అది క్షయించగా వరసగా పుట్టేవి) సీసం-214, బిస్మత్-214 గామా కిరణాల ద్వారా లెక్కిస్తాం. మధ్యలో వచ్చే రాడాన్-222 వాయువు. అది జారిపోతే రేడియం ఉన్నదానికన్నా తక్కువ తేలుతుంది. డబ్బాను అంచుదాకా నింపి, మూత చుట్టూ పారఫిన్ పోసి, పైన టేపు చుట్టి కనీసం 4 వారాలు పక్కన పెట్టండి. రాడాన్ అర్ధాయువు 3.8 రోజులు, కాబట్టి ఆ గడువుకి సమతౌల్యం (సంతతి కూడా రేడియం క్షయించే వేగంతోనే క్షయించే స్థితి) 99 శాతం దాటుతుంది. వారం ఆగి మళ్లీ లెక్కిస్తే విలువ పెరిగిందా, తొందరపడ్డారన్నమాట. తగ్గిందా, మూత లీకవుతోంది.

ఖాళీ డబ్బాను, నమూనాను చెరో 60,000 సెకన్లు లెక్కించి, మొదటిదాన్ని రెండోదానిలోంచి తీసేయండి. డిటెక్టరు గీసే శక్తి పటంలో చూడాల్సిన శిఖరాలు: సీసం-214కి 352, బిస్మత్-214కి 609, థోరియం శ్రేణిలో ఆక్టీనియం-228కి 911, పొటాషియం-40కి 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. 186 దగ్గరి రేడియం శిఖరాన్ని నేరుగా వాడొద్దు, యురేనియం-235 దాంట్లో కలిసిపోతుంది.

శిఖరంలో మిగిలిన నికర లెక్కను దక్షత (వెలువడిన కిరణాల్లో డిటెక్టరు పట్టే వంతు), కిరణ సంభావ్యత (ఒక్కో క్షయానికి ఆ కిరణం వెలువడే అవకాశం), కిలోల్లో బరువు, సెకన్లు, ఈ నాలుగింటి లబ్ధంతో భాగించండి. పొటాషియంకి 12,840 లెక్కలు, దక్షత 0.01, సంభావ్యత 0.107, బరువు 0.5 కిలో, సమయం 60,000 సెకన్లు అయితే కిలోకి 400 బెకరెల్‌లు (బెకరెల్ అంటే సెకనుకి ఒక క్షయం). దక్షతను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రామాణికాలు ఆర్‌జీయూ-1, ఆర్‌జీటీహెచ్-1, ఆర్‌జీకే-1తో, అదే డబ్బాలో, అదే ఎత్తుకి నింపి తేల్చుకోండి. నమూనాకీ ప్రామాణికానికీ సాంద్రతలో పెద్ద తేడా ఉంటే 352 శిఖరం ఎక్కువగా దెబ్బతింటుంది. 352, 609 ఒకే విలువ చెప్పకపోతే ముందు దక్షతను అనుమానించండి.