క్రాస్ కంట్రీకి దిగుతున్నారా? ముందు చెన్నై ఉక్కపోత సంగతి చూసుకోండి

గడ్డి, గుట్టలు, బురద మీదుగా పరిగెత్తే క్రాస్ కంట్రీ ప్రపంచ చాంపియన్‌షిప్ చూసినప్పటి నుంచి మన తెలుగు పిల్లలు చాలామంది "అన్నా, మేమూ పరిగెడతాం" అంటున్నారు. చాలా సంతోషం. కానీ మన చెన్నైలో గుట్టల కన్నా, బురద కన్నా ముందు భయపడాల్సింది ఉక్కపోతకి.

2007లో ఇదే పోటీ కెన్యాలోని మొంబాసాలో జరిగింది, అదీ మనలాగే సముద్రం ఒడ్డు ఊరే. అంతకు ముందు వరసగా ఐదేళ్లు గెలిచిన ఇథియోపియా రన్నర్ కెనెనిసా బెకెలె ఆ వేడికీ తేమకీ తట్టుకోలేక చివరి ల్యాపులో ఆగిపోయాడు. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందుకు కాదు, ఆ చెమట ఆరినందుకు. గాలి నిండా తేమ ఉంటే చెమట ధారలుగా కారిపోతుందే తప్ప ఆరదు, లోపల వేడి అలాగే పెరిగిపోతుంది. అందుకే బెంగళూరు నుంచి వచ్చి పరిగెత్తేవాళ్లు వీలైతే పది పద్నాలుగు రోజులు ముందే వచ్చి అలవాటు పడండి, అక్కడి టైమింగు ఇక్కడ కూడా రావాలని పట్టు పట్టకండి.

ఒకసారి ఇక్కడే ఒక పోటీలో నెల్లూరు కుర్రాడొకడు చివరి ల్యాపులో పక్కకి తూలుతున్నాడు. "ఎన్నో ల్యాపురా?" అంటే "రెండోది అన్నా" అన్నాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, మెడ మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. నీడలోకి లాగి, డ్రమ్ములో నీళ్లు మగ్గుతో తల నుంచి కాళ్ల దాకా పోస్తూనే ఉన్నాం, ఒకరు 108కి ఫోన్ చేశారు. మాట తడబడితే వడదెబ్బే అనుకోండి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా చల్లబరచండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు.

నీళ్లు తాగమన్నారు కదా అని లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లే పట్టించకండి, ఒంట్లో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణం మీదికి వస్తుంది. ప్రాక్టీసుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. పరుగుకు ముందు నొప్పుల మాత్ర వేసుకునే అలవాటుంటే దయచేసి మానేయండి, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీలకు అది దెబ్బ. ముందు రోజు జ్వరమో విరేచనాలో ఉంటే ఆ పోటీ వదిలేయండి.

షూ లేసులు రెండు ముళ్లు వేయండి, లేకపోతే బురద షూని లాగేసుకుంటుంది. మొదటి రెండు వందల మీటర్లు అందరూ ఒకేచోట తోసుకుంటారు కాబట్టి మోచేతులు కాస్త వెడల్పుగా పెట్టుకోండి, ముందువాళ్ల షూ కింద ఉండే స్పైకులు (మేకులు) పిక్కకి గీసుకుంటాయి, చూసుకోండి. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కనుక్కోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉండొచ్చు, దాని వల్ల ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వస్తుంది. కాలికి గాయముంటే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరు వేసుకుని దిగండి, అవ్వగానే సబ్బుతో కడుక్కోండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరు దగ్గర ముందు చెప్పాల్సిన మాట, "బురద నీళ్లలో పరిగెత్తాను" అని.