గండికోటకు వెళ్తే ఫోన్‌ను రాతి మీద పెట్టి చూడండి

ఫోన్‌లో వాలు చూపించే లెవెల్ యాప్ ఒకటి వేసుకుని గండికోటకు వెళ్లండి. లోయ అంచుకు దూరంగా, చదునైన రాతిపొర మీద ఫోన్ పెట్టండి. వాలు దాదాపు సున్నా చూపిస్తుంది. అక్కడి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి ఒకప్పటి సముద్రపు ఇసుక, వంద కోట్ల ఏళ్లకు పైబడినది. కొన్ని పలకల మీద అలల గుర్తులు కనిపిస్తే తడిమి చూడండి, ఒళ్లు పులకరిస్తుంది!

తర్వాత సిద్ధవటం వైపు, లంకమల కొండల్లో తెగిన రాతిగట్టు దగ్గర అదే పని చేయండి. అక్కడ పొరలు ఒరిగి, మడతలు పడి ఉంటాయి. తూర్పు కనుమల వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల వరుస అంతా అలా ముడుచుకుంది. చాపను ఒక అంచు నుంచి నెడితే నెట్టిన వైపే మడతలు పడ్డట్టు. ప్రతి చోటా వాలు ఎంత, అది ఏ దిక్కుకు, రెండూ రాసుకోండి. దిక్కు లేని కొలత పనికిరాదు.

ఈ మడతలకు, బంగాళాఖాతానికి ముడిపెట్టకండి. మన తూర్పుతీరం అంటార్కిటికా నుంచి విడిపోయి ఆ సముద్రం తెరుచుకున్నది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటే. ఈ మడతలు అంతకంటే చాలా ముందువి. హిమాలయాలైతే ఇంకా నిన్నమొన్నటివి, 5 కోట్ల ఏళ్లు.