టీకా వేసుకున్నా సరే, పెద్దవాళ్లను చూడబోయే ముందు కోవిడ్ టెస్ట్

టీకా మన జబ్బు ముదరకుండా కాపాడుతుంది గానీ, వైరస్‌ను ముక్కులో చేరకుండా పూర్తిగా ఆపలేదు. కాబట్టి ఎనభై దాటిన అమ్మమ్మనో, కీమో తీసుకుంటున్న పెదనాన్ననో చూడబోతుంటే టెస్ట్ చేసుకోవాల్సిందే. ముందురోజు రాత్రి కాదు, బయల్దేరే పూటే. రాత్రి నెగటివ్ వచ్చినవాళ్లకు తెల్లారేసరికి వైరస్ పెరిగి ఉండొచ్చు.

కోవిసెల్ఫ్ లాంటి ఇంటి యాంటిజెన్ కిట్ చాలు. ఎక్స్‌పైరీ తేదీ చూసి, చేతులు కడిగి ఆరనివ్వండి. కిట్‌లో వచ్చే దూదిపుల్లను ముక్కులోకి 2 నుంచి 4 సెంటీమీటర్లు పోనిచ్చి, లోపలి గోడకు ఆనిస్తూ ఐదుసార్లు తిప్పండి. అదే పుల్లతో రెండోవైపు కూడా. చాలామంది అంచున తాకించి తీసేస్తారు, దాంతో ఉన్న వైరస్ కూడా దొరకదు. పుల్లను ట్యూబులోని ద్రవంలో బాగా తిప్పి, కిట్‌లోని టెస్ట్ కార్డుపై ఆ ద్రవాన్ని రెండు చుక్కలు వేయండి. ఫలితం 15 నిమిషాలకు చూడాలి. 20 దాటాక కనిపించే గీత లెక్కలోకి రాదు. ‘సి’ దగ్గర గీత రాకపోతే టెస్ట్ చెల్లదు, ఇంకో కిట్ తీయండి. ‘టి’ గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే, ప్రయాణం మానుకోండి.

జ్వరం, గొంతునొప్పి ఉంటే నెగటివ్ వచ్చినా వెళ్లొద్దు, ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్ట్ చేయించుకోండి. ఏమీ లేకపోయినా అక్కడ మాస్కు తీయకండి, కిటికీలు తెరిచి కూర్చోండి.