ప్రెస్ కిట్ అంటే సెల్ఫీ కాదని నాకు ఆలస్యంగా తెలిసింది

నేను స్టాండప్ కామెడీ చేస్తాను. విశాఖ నుంచి ఒక షో ఆర్గనైజర్ "ప్రెస్ కిట్ పంపండి" అంటే, విజయనగరం కోట ముందు దిగిన సెల్ఫీ వాట్సాప్‌లో పెట్టాను. ఆ షో రాలేదని వేరే చెప్పాలా! ప్రెస్ కిట్ అంటే మన వీడియో, ఫొటోలు, పరిచయం ఒకచోట పెట్టి ఆర్గనైజర్లకు పంపేది.

అన్నిటికంటే ముఖ్యం వీడియో. 3 నుంచి 5 నిమిషాలు, మధ్యలో కత్తిరించకుండా, జనం నవ్వు వినిపించాలి. మంచి జోకు మొదటి 30 సెకన్లలోనే పడాలి. నాది సిరిమాను సంబరంలో తప్పిపోయిన మావయ్య కథ. యాస మార్చమని కొందరన్నారు, నేను మార్చలేదు. మన యాసే సగం జోకు కదా.

ఫొటోలు రెండు చాలు: ఒకటి నిలువు, ఒకటి అడ్డం. మా వీధిలో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడు గంటస్తంభం దగ్గర పొద్దున్నే తీసిపెట్టాడు. మామూలుగా వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పోతుంది, ఒరిజినల్ ఫైలే ఇవ్వండి. ఫైలుకు మీ పేరు పెట్టండి.

పరిచయం 50 మాటల్లో ఒకటి, 150 మాటల్లో ఒకటి, "ఆయన", "ఆమె" అంటూ వేరేవాళ్లు చెప్పినట్టు రాయాలి. "నవ్వుల చక్రవర్తి" లాంటి బిరుదులు మనకు మనం తగిలించుకోకూడదు. ఎక్కడెక్కడ చేశారు, ఎన్ని నిమిషాలు చేయగలరు, పిల్లలతో చూడొచ్చా, ఇవి రాయండి.

అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్లో పెట్టి, లింక్ ఉన్నవాళ్లెవరైనా చూసేలా మార్చండి. నేను మర్చిపోయాను. పర్మిషన్ అడిగిన మెయిల్ మూడు రోజుల తర్వాత చూశాను. ఇప్పుడు పంపే ముందు మా చెల్లి ఫోన్లో తెరిచి చూస్తున్నాను.